పాడె పట్టేంత తలుపు

మా పత్రికలో హనుమమ్మ ఫొటో ఎప్పుడు పడ్డా దాని కింద రాసిన మాట తప్పే. ఒక నాయకుడు చలివేంద్రం తెరిచినప్పుడు పక్కన ముంత పట్టుకుని నిలబడితే ఆమెను ఆయన తల్లిని చేసి వేశారు. గొర్రెల సంతలో తీసిన ఫొటోకు ‘కూరగాయల రైతు’ అని పెట్టారు. ఫొటో పంపింది నేను, తప్పు చేసింది హైదరాబాద్‌లో ఏసీ కింద కూర్చున్న డెస్కు వాళ్లు, ఊళ్లో తిట్లు తిన్నది మళ్లీ నేను. అందుకే ఈసారి వాళ్ల చేతికి ఇవ్వకుండా మొత్తం నేనే రాస్తున్నాను. నా పేరు వీరేశం, కొత్తకోట మండల విలేకరిని. జీతం లేని కొలువు కాబట్టి నోరు కొంచెం దురుసు, సర్దుకోండి.

హనుమమ్మది మా ఊరే. కొత్తకోటలో ఆటో ఎక్కితే బెంగళూరు రోడ్డు దిగి, పల్లి చేన్ల మధ్య నుంచి వెళ్లాలి. జిల్లాలు చీల్చాక మమ్మల్ని వనపర్తిలో కలిపారు గానీ, అడిగితే మేమింకా పాలమూరోళ్లమనే చెప్పుకుంటాం. హనుమమ్మ కురుమ ఇంటి మనిషి. ఆమె పుట్టింది గొర్రెల వెంట, పెళ్లి కుదిరింది గొర్రెల సంతలో, కొడుకును కన్నది ఎవరిదో చేనులో ఎరువు కోసం మంద పెట్టిన రోజుల్లో. ఎండాకాలం కృష్ణ ఒడ్డుకు, వానాకాలం గుట్టల మీదికి నడవడమే ఆమె బతుకు. ఊళ్లో మట్టిగోడల కొంప ఒకటి ఉండేది. అందులో ఆమె కంటే తాళంకప్పే ఎక్కువ కాలం కాపురం చేసింది.

భర్త గుర్వయ్య మంచివాడే. ఏటా దసరాకు ‘వచ్చే ఏడు స్లాబు ఇల్లు కడదాం’ అనేవాడు. ఆ వచ్చే ఏడు గొర్రెలకు రోగం వచ్చేది, లేదా గుర్వయ్యకు వచ్చేది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. గుర్వయ్య కొడుకు పెళ్లి చేసి చూశాడు, ఇల్లు మాత్రం చూడలేదు. ఒక వానాకాలం ఆ మట్టిగోడలు కూడా కూలితే, కొడుకు లింగస్వామినీ కోడలు స్వరూపనూ మంద వెంట పంపి, ముసలివాళ్లిద్దరూ కొత్తకోటలో ఒక గది కిరాయికి తీసుకున్నారు.

ఇక్కడ మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. కిరాయి ఇంట్లో ఎన్నేళ్లయినా బతకొచ్చు గానీ చావకూడదు. పీనుగును లోపల పెడితే ఆ ఇంటికి మళ్లీ ఎవరూ దిగరని ఓనర్ల భయం. గుర్వయ్య మహబూబ్‌నగర్ దవాఖానలో పోయాడు. అంబులెన్సు వచ్చేసరికి ఓనరు రెండు చేతులూ తలుపుకు అడ్డం పెట్టి నిలబడ్డాడు. అతను దుర్మార్గుడేం కాదు, కళ్లలో నీళ్లు పెట్టుకునే అడ్డం నిలబడ్డాడు. గుర్వయ్యను రోడ్డు పక్క బండల మీద పండబెట్టారు. ముసురు పడుతోంది. చుట్టాలంతా ఎదురుగా టైర్ల దుకాణం రేకుల కింద నిలబడితే, హనుమమ్మ తన గొంగడిని మొగుడి మీద పట్టుకుని కూర్చుంది. లారీ పోయినప్పుడల్లా బురదనీళ్లు ఎగిరి పడేవి. ఆమె ఏడవలేదు. పైట కొంగుతో అతని మొహం తుడుస్తూనే ఉంది. నేను అక్కడే ఉన్నాను, కెమెరా సంచిలోంచి తీయలేదు.

ఆ రోజు నుంచీ ఆమెకు ఒకటే ధ్యాస. తన ఇంట్లో తాను చావాలి. సొంత తలుపు లోంచి తన పాడె లేవాలి. వేరే ఆశ ఏమీ మిగల్లేదు.

అలాంటి మనిషి దగ్గరికి విశ్వవిద్యాలయం నడిచి వచ్చింది. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను, హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి. పేదలకు అందే ఖర్చులో, ఎండతో నడిచే, కరెంటు మీద ఆధారపడని ఇల్లు కట్టాలని దేశంలోని కాలేజీలకు ఏదో పోటీ పెట్టారట. విద్యార్థులే గీయాలి, విద్యార్థులే కట్టాలి, నిజమైన పేదవాళ్లు అందులో ఏడాది ఉండి చూపాలి. ఆ నిజమైన పేదవాళ్ల కోసం వెతుకుతూ ప్రొఫెసర్ పరశురాములు గారు పిల్లలను వెంటేసుకుని మా ఊరికి వచ్చారు. హనుమమ్మ కూలిన కొంప జాగా చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. కూలిన ఇంటిని చూసి అంత సంతోషపడ్డ మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

ప్రొఫెసర్ గారు చెడ్డవారని నేను అనను. ఆయనకు ఉన్నది ఒకటే జబ్బు, కళ్లతో చూసింది నమ్మరు. ఫోనులో గీత పైకి పోతే సంతోషిస్తారు, కిందికి పోతే దిగులుపడతారు. చెట్టు కింద నిలబడి కూడా చల్లగా ఉందో లేదో ఫోను చూసి చెప్పేవారు. పిల్లల్లో పెద్దది స్నేహలత, నల్గొండ అమ్మాయి. ఇంటి నమూనా గీసింది ఆమే. ఎండలో తట్టలు మోసి, చేతులు పొక్కులు పోయి, మా ఊరి ఆడవాళ్లతో పల్లీలు ఒలుస్తూ కూర్చునేది. హనుమమ్మను అవ్వా అని పిలిచేది.

ఇల్లు ఎలా ఉండాలని ప్రొఫెసర్ గారు అడిగారు. కట్టబోయే ముందు ఉండబోయే వాళ్లను అడగడం వాళ్ల చదువులో ఒక పాఠమట. వంటిల్లు గురించో, నీళ్ల గురించో చెబుతుందని అందరూ పెన్నులు పట్టుకున్నారు.

“దర్వాజ ఎడల్పుండాలె సారూ” అంది హనుమమ్మ. “నలుగురు మనుషులు ఒక్కపారి పట్టాలె.”

ప్రొఫెసర్ గారు పొంగిపోయారు. ‘చూశారా, ఇదీ మన పల్లెల సామూహిక జీవన స్ఫూర్తి! అతిథులు నలుగురు ఒకేసారి రావాలని కోరుకుంటోంది తల్లి’ అని పిల్లలకు బోధించారు. పాడె మోసే నలుగురి సంగతి నాకు తెలుసు, స్వరూపకు తెలుసు. వెడల్పు తలుపు పెడితే లోపలి చల్లదనం పోతుందని ఒక పిల్లాడు అడ్డుపడ్డాడు గానీ స్నేహలత పట్టుబట్టి పెద్ద తలుపే గీసింది.

కట్టారు. ఇనుప చట్రం, దానికి పల్లి పొట్టును అదిమి చేసిన పలకల గోడలు, పైన కరెంటు చేసే ఎండపలకలు. అన్నీ బోల్టులతో బిగించినవే. ‘సిమెంటు ప్రకృతికి శత్రువు’ అని ప్రొఫెసర్ గారు రోజుకొకసారి చెప్పేవారు. జన్మంతా స్లాబు కోసం కలలు కన్న ఊరు మాది, పొట్టుతో గోడలంటే జనం నవ్వారు. సారు ఇల్లు కూడా పొట్టుదేనా అని హనుమమ్మ అమాయకంగా అడిగింది. తనది మణికొండలో తొమ్మిదో అంతస్తు ఫ్లాటని, అది వేరే సందర్భమని ఆయన చెప్పారు.

ప్రారంభం రోజు ఊరంతా టెంటు కింద కూర్చుంది. మంచి ముహూర్తం చూసుకుని రిబ్బను కత్తిరించి, మూఢనమ్మకాల మీద పది నిమిషాలు మాట్లాడిన నాయకుడికి శాలువా కప్పాక, ప్రొఫెసర్ గారు మైకు పట్టుకున్నారు. ఏడాది పాటు లెక్కలు సరిగ్గా వచ్చి పోటీలో గెలిస్తే ఈ ఇల్లు హనుమమ్మదే అని అందరి ముందు మాటిచ్చారు. ఓడిపోతే విప్పి తీసుకుపోతారు. ఇంకో గొప్ప కూడా చెప్పారు. ఈ ఇంటిని ఒక్క రోజులో విప్పి, లారీ ఎక్కించి, ఎక్కడంటే అక్కడ బిగించుకోవచ్చట. జనం చప్పట్లు కొట్టారు. హనుమమ్మ కొట్టలేదు. విప్పి మోసుకుపోయే బతుకు ఆమె అరవై ఏళ్లు చూసింది, అందులో గొప్పేముందో ఆమెకు అర్థం కాలేదు.

లోపల గోడకు అరచేయంత తెల్ల డబ్బా ఒకటి తగిలించారు. ఇంట్లో వేడి ఎంత, తేమ ఎంత, ఉన్నవాళ్లు వదిలిన ఊపిరి గాలిలో ఎంత చేరింది, ఇవన్నీ ఆ డబ్బా కనిపెట్టి ఎప్పటికప్పుడు హైదరాబాద్‌లో ప్రొఫెసర్ గారి ఫోనుకు చేరవేస్తుంది. ఇంట్లో కట్టెల పొయ్యి పెట్టకూడదు, తలుపు ఊరికే తెరిచి ఉంచకూడదు, పశువులను లోపలికి తోలకూడదు అని నియమాలు చెప్పారు. హనుమమ్మ అన్నిటికీ తలూపింది.

ఆమె మాట తప్పలేదు. ఎండాకాలమంతా నియమాల ప్రకారమే నడిచింది. ఇల్లు నిజంగానే చల్లగా ఉండేది, అది నేను ఒప్పుకుంటాను. మధ్యాహ్నం ఊళ్లో ముసలివాళ్లంతా కుంటి సాకులు చెప్పుకుని అక్కడికే చేరేవాళ్లు. ఒక్క కోతులే ఇబ్బంది పెట్టాయి. ఏటవాలుగా ఉన్న ఎండపలకలు వాటికి జారుడుబండలయ్యాయి. పొద్దున లేస్తే కోతులు జారడం, హనుమమ్మ కట్టె పట్టుకుని తరమడం.

చలికాలం వచ్చింది, గొర్రెలు ఈనాయి. ఇక్కడే అసలు కథ. మంద మేతకు పోతే పుట్టిన పిల్లలు వెంట నడవలేవు. వాటిని ఇంట్లోనే గంపల కింద మూసి, చలి తగలకుండా చూసుకోవడం కురుమల ఇళ్లలో తాతల నాటి పద్ధతి. కిందటేడు ఇల్లు లేక, కూలిన కొంప జాగాలో కట్టుకున్న టార్పాలిన్ కింద చలికి గొర్రెపిల్లలు కొయ్యబారి చనిపోతే హనుమమ్మ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న సంగతి ఊరికి తెలుసు. ఇప్పుడు ఊళ్లోకెల్లా వెచ్చని ఇల్లు ఆమెది. లింగస్వామి సాయంత్రం మూటలు దించినట్టు గొర్రెపిల్లలను దించేవాడు, ఆమె గోడ వెంట వరసగా గంపలు బోర్లించేది. పశువులు వద్దన్నారు కదా అని నేను గుర్తుచేశాను. పశువులంటే ఎడ్లు, బర్రెలు అని, పాలు తాగే పిల్లలను పశువులనే మూర్ఖుడు ఎక్కడైనా ఉంటాడా అని నన్నే కసిరింది. పట్నం నుంచి ఎవరైనా వస్తున్నారని కబురందితే గంపలు బాలనర్సమ్మ ఇంటి వాకిట్లోకి పోయేవి. నేల కడిగి ఊదు పొగ వేసేవారు. బాలనర్సమ్మ పక్కింటామె. ఆమె సంగతి తర్వాత చెబుతాను.

అక్కడ హైదరాబాద్‌లో ఫోనులో గీతలు కొండెక్కాయి. జిల్లా మొత్తం చలికి వణుకుతుంటే ఈ ఇంట్లో వెచ్చగా ఉంది. పొట్టు గోడలు పగటి ఎండను దాచుకుని రాత్రికి వడ్డిస్తున్నాయని ప్రొఫెసర్ గారు తేల్చారు. ఊపిరి గీత ఇంకా విచిత్రం. ఒక్క ముసలామె ఉన్న ఇంట్లో పెళ్లివారు విడిది చేసినంత ఊపిరి. డబ్బా చెడిపోయిందేమో అని విద్యార్థుల్లో ఒకరన్నారట. ప్రొఫెసర్ గారు ఒప్పుకోలేదు. మంచి ఇంట్లో మనిషి ఆనందంగా ఉంటాడని, ఆనందంగా ఉన్నవాడు నిండుగా ఊపిరి తీస్తాడని, హనుమమ్మ ఊపిరితిత్తులు ఈ వయసులో విప్పారాయని ఆయన సిద్ధాంతం. దానికి ఆనంద సూచీ అని పేరు కూడా పెట్టారు. మా ఊరొచ్చి ఒక్క గంప ఎత్తి చూస్తే ఆనందం ‘మే’ అని అరిచి ఉండేది.

స్నేహలత ఎత్తి చూసింది. ఒకరోజు చెప్పకుండా బస్సెక్కి వచ్చి, గోడ మూల పలక కొరికి ఉండటం చూసి, మంచం కింద నల్లటి పెంటికలు చూసి, గంప ఎత్తింది. నేను అక్కడే చాయ్ తాగుతున్నాను. హనుమమ్మ మొహంలో నెత్తురు లేదు. ఇల్లు పోయిందనే అనుకుంది. స్నేహలత ఒక గొర్రెపిల్లను ఎత్తుకుని, దాని చెవులు నిమిరింది. తర్వాత నెమ్మదిగా, తాను గీసిన ఇంట్లో చలికి ఒక్క పిల్ల కూడా చావలేదు కదా అవ్వా అని అడిగింది. లేదంది హనుమమ్మ. “అయితే నేనేం చూడలే” అని స్నేహలత గంప మళ్లీ బోర్లించింది.

మాఘ మాసంలో ఫలితం వచ్చింది. మొదటి బహుమతి. ‘వృద్ధుల శ్వాసకు ఊపిరి పోసిన గృహం’ అని న్యాయనిర్ణేతలు రాశారు. హనుమమ్మ ఊరంతా బెల్లం పంచింది. ఎల్లమ్మ తల్లికి కల్లు సాక పోసి మొక్కింది. గుర్వయ్య ఫొటోను పటం కట్టించి, తలుపుకు ఎదురుగా గోడకు వేలాడదీసి, ‘లోపలికి రా, ఎవ్వరు అడ్డం నిలవడరు’ అంది. నేను తలుపు బయట నిలబడి విన్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈ ఇల్లు మాత్రం రచ్చ గెలిచి ఇంట ఓడింది. మొదటి బహుమతి వచ్చిన ఇంటిని ఢిల్లీ ప్రదర్శనలో నిలబెట్టాలట. ఆ తర్వాత అది శాశ్వతంగా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉండాలట, వచ్చిన వాళ్లకు చూపించడానికి. ప్రొఫెసర్ గారు ఫోనులో హనుమమ్మకు ఈ శుభవార్త చెప్పారు. ఓడితే విప్పుతామన్నారు గానీ గెలిస్తే విప్పుతామనలేదు కదా అని ఆమె అడిగింది. ‘ఇల్లు మీదేనమ్మా, అందులో సందేహం లేదు. కాకపోతే దాని స్థానం ఇప్పుడు జాతీయ స్థాయిలో ఉంది’ అని ఆయన ఓపిగ్గా వివరించారు. రెండో దశలో ఇంకోటి కడతామని కూడా అన్నారు. రెండో దశ అంటే ఏమిటో మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. గొర్రెలు కాసిన హనుమమ్మ మాత్రం నమ్మలేదు. ఎల్లుండి లారీ వస్తుందని చెప్పి ఆయన ఫోను పెట్టేశారు.

ఆ రెండు రోజులూ ఆమె తలుపు దగ్గరే కూర్చుంది. ఊరి పెద్దలు వచ్చి కోర్టుకు పోదామన్నారు, రోడ్డు మీద కూర్చుందామన్నారు. నేను వార్త రాస్తానన్నాను. ఆఖరికి ఆమె నన్ను దగ్గరికి పిలిచి, రేపు పొద్దున కెమెరా పట్టుకుని రమ్మంది.

పొద్దున నేను పోయేసరికి వాకిట్లో జనం. ముందు గదిలో నడిమధ్య గొంగడి పరిచి, దాని మీద హనుమమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. కళ్లు మూసుకుంది, దవడ వేలాడేసింది. నిజంగానే పోయిందనుకున్నాను. స్వరూప మొహం చూశాక కొంచెం కుదుటపడ్డాను. కోడలి కంట్లో నీళ్లున్నాయి గానీ కొంగు మాటున పెదవులు బిగబట్టుకుంటోంది. ఆఖరి ఘడియలని ఊరికి కబురు పోయింది. చూడటానికి వచ్చేవాళ్లు తొక్కుతారని తెల్లారకముందే గొర్రెపిల్లలన్నిటినీ బాలనర్సమ్మ వాకిట్లోకి తరలించారు. ఆ వెడల్పు తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచి పెట్టారు.

చుట్టాలు దిగసాగారు. వనపర్తి నుంచి ఒక అన్నకొడుకు కోడి పట్టుకుని వచ్చాడు, చావుకు కోడెందుకని అడిగితే బస్సెక్కాకే ఆ సంగతి తట్టిందన్నాడు. డప్పు కొట్టే బాలయ్య వచ్చి, ఈరోజా రేపా తేల్చి చెబితే మనుషుల్ని చూసుకుంటానన్నాడు. ఇప్పుడు బాలనర్సమ్మ సంగతి. చుట్టుపక్కల ఊళ్లలో ఆమెలా శోకం పెట్టే మనిషి లేదు. ఎవరు పోయినా ఆమె గొంతెత్తితేనే చావుకు నిండుతనం. ఆమె తలాపున కూర్చుని సన్నగా మొదలుపెట్టింది. హనుమమ్మ మంచితనం, గుర్వయ్య తడిసిన తీరు, గొర్రెలు ఆమెను వెతుక్కుంటున్న వైనం వరసలు కట్టి పాడుతుంటే జనం నిజంగానే వెక్కివెక్కి ఏడ్చారు. నేను కూడా ఏడ్చాను. అంతా తెలిసి కూడా ఏడుపు ఆగలేదు.

లారీ, దాని వెనక క్రేను, దాని వెనక కారు వచ్చాయి. ప్రొఫెసర్ గారు దిగి, రాహుకాలం దాటాకే పని మొదలుపెట్టాలని డ్రైవరుకు చెబుతూ జనాన్ని చూసి ఆగిపోయారు. సంగతి విని నమ్మలేదు. మొన్న ఫోనులో బాగా మాట్లాడింది కదా, ఇదంతా నాటకమని చిరాకు పడ్డారు. లోపలికి వచ్చి ఆమెను చూసి కూడా నమ్మలేదు. ముందే చెప్పాను కదా, కళ్లతో చూసింది ఆయన నమ్మరు. జేబులోంచి ఫోను తీశారు.

ఫోనులో ఊపిరి గీత నిట్టనిలువుగా పడిపోతోంది. ఎందుకు పడదు? గంపల కొద్దీ గొర్రెపిల్లలు పొద్దున్నే ఖాళీ అయ్యాయి, పెద్ద తలుపు బార్లా తెరిచి ఉంది. కానీ ఆయనకు అందులో కనిపించింది ఒక్కటే, చలికాలమంతా నిండుగా ఊపిరి తీసిన మనిషి ఆరిపోతోంది. వెనక నిలబడ్డ స్నేహలతకు ఫోను చూపించారు.

“ఇదేంటమ్మా, ఇలా పడుతోంది?”

స్నేహలత గీతను చూసింది, బాలనర్సమ్మ వాకిలి వైపు చూసింది. “గీత అడుక్కు చేరడానికి ఎక్కువ టైం పట్టదు సార్” అంది. అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఆయన చెమట తుడుచుకుని నన్ను పక్కకు పిలిచారు. ఈ ఇంట్లోనే ప్రాణం పోతే మైల ఎన్నాళ్లని చెవిలో అడిగారు. నేను జనంలో ఉన్న ఊరి పంతులును చూపించాను. ఈరోజు నక్షత్రం మంచిది కాదని, ఇవాళ ఎవరు పోయినా ఆ ఇంటికి ఆరు నెలలు తాళం పెట్టాల్సిందేనని పంతులు చెప్పాడు. ప్రొఫెసర్ గారు మూఢనమ్మకాలను తిడుతూ ఏకంగా పుస్తకమే రాసిన మనిషి, అది విని తెల్లబోయారు. శవం లేచిన ఇంటిని ఢిల్లీలో ఎవరు చూస్తారు, విశ్వవిద్యాలయంలో ఎవరు అడుగుపెడతారు? ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, చివరికి గొంతు తగ్గించి, అమ్మను కొంచెంసేపు బయట వేపచెట్టు కింద పడుకోబెడదామా, గాలి బాగా తగులుతుంది అన్నారు.

బాలనర్సమ్మ శోకం టక్కున ఆగిపోయింది. గొంగడి మీద హనుమమ్మ కళ్లు తెరిచింది. అది నాటకం కాదు. ఆ కళ్లు ఒకసారి నేను చూశాను, టైర్ల దుకాణం ఎదురుగా.

“నా పెనిమిటిని బయటనే పండవెట్టిన్రు సారూ, వానల” అంది. గొంతు పీలగా ఉంది గానీ గడప దాకా వినిపించింది. “నన్ను గూడ బయటనే పండవెడ్తవా?”

ప్రొఫెసర్ గారు గడప మీద కూలబడ్డారు. ఎదురుగా గుర్వయ్య పటం. నేను కెమెరా తీశాను, ఈసారి సంచిలో ఉంచలేదు. లారీ డ్రైవరు నల్గొండ వైపు మనిషి, చుట్ట కాలుస్తూ అంతా చూశాడు. పాణం పోయే మనిషి నెత్తి మీదికెల్లి కప్పు ఇప్పితే ఆ ఉసురు తన పిల్లలకు తగులుతుందని, ఏమిచ్చినా తన వల్ల కాదని చెప్పి ఇంజను స్టార్టు చేశాడు. క్రేనువాడు అతని వెనకే తిరిగాడు. కొంతసేపటికి కారు కూడా కదిలింది. స్నేహలత మాత్రం రేపొస్తానని ఆగిపోయింది.

పొద్దుగూకేసరికి చుట్టాలు కోడిని కోసుకు తిన్నారు. బాలయ్య నొచ్చుకుని వెళ్లిపోయాడు. తలుపులు మూశారు. గంపలు లోపలికి వచ్చాయి. హనుమమ్మ లేచి రొట్టె తుంచి కోడికూరలో అద్దుకుని, నడుం పట్టేసిందని బాలనర్సమ్మ మీద విసుక్కుంది. అంత పొడుగు శోకమా అని. స్నేహలత ఫోను మోగింది. ప్రొఫెసర్ గారు షాద్‌నగర్ దాటారట, ఊపిరి గీత లేచి నిలబడిందట, నిన్నటికంటే పైకి పోతోందట, ఏం జరిగిందని అడుగుతున్నారు. అవును మరి, చుట్టాలు కూడా లోపలే ఉన్నారు. “కోలుకుంటున్నది సార్” అని స్నేహలత చెప్పింది. ఆమె ఒళ్లో ఒక గొర్రెపిల్ల నిద్రపోతోంది.

ఆ తర్వాత ప్రొఫెసర్ గారు పెద్ద వ్యాసం రాశారు. మరణశయ్య మీది మనిషిని ఇల్లే బతికించిందని అందులో తేల్చారు. అలాంటి ఇంటిని కదిలిస్తే పరిశోధన చెడిపోతుంది కాబట్టి, నివాసి జీవించినంత కాలం అక్కడే ఉంచి గమనించాలని విశ్వవిద్యాలయం తీర్మానించింది. ఢిల్లీకి అట్టతో చేసిన బొమ్మ పంపారు. ఏటా ఎవరో ఒకరికి ఇంటిని పట్నం తెద్దామన్న బుద్ధి పుడుతుంది. ఆ కబురు రాగానే హనుమమ్మ గొంగడి పరుస్తుంది, ఆమె పరిస్థితి విషమంగా ఉందని నేను వార్త పంపుతాను. కిందటిసారి డెస్కు వాళ్లు ఫొటో కింద ‘కీర్తిశేషురాలు’ అని వేశారు. తిడుతుందనుకుంటూ పేపరు తీసుకుపోయాను. నన్ను చదవమని, విని, తొలిసారి మా పత్రిక మీద కోపం తెచ్చుకోలేదు. ఆ ముక్క కత్తిరించి తెల్ల డబ్బా కింద అతికించింది.

మొన్న చలిలో అటు పోతే నన్ను గడప మీద కూర్చోబెట్టుకుంది. ఈమధ్య నిజంగానే ఆయాసపడుతోంది, రెండు మాటలకు ఒకసారి ఆగుతోంది. లోపల గంపల కింద పిల్లలు కదులుతున్న చప్పుడు. ఆమె తలుపు చట్రాన్ని చేత్తో నిమిరింది.

“వీరేశం, నేను అచ్చంగ పోయిన్నాడు గా డబ్బాకు ఎర్కగాదు బిడ్డా” అంది. “పిల్లలున్నన్ని దినాలు అది నేను బతికే ఉన్ననంటది. నువ్వే వచ్చి సూడు. లోపల్నే పండవెట్టుండ్రి నన్ను. వానున్నా లేకున్నా, లోపల్నే.”